నీళ్లు ఎక్కడ ఆగాయి?

జెట్ స్కీని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? ఎక్కి సెల్ఫీ దిగడం కాదు, నిలబడి చూడటం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పక్కన ఒక చిన్న రంధ్రంలోంచి సన్నటి ధారగా నీళ్లు చిమ్ముతుంటాయి. చాలామంది అది లీకేజీ అనుకుంటారు. "అన్నా, నీ బండి కారిపోతోంది" అని జాలిపడే టూరిస్టులు రోజుకి ఇద్దరైనా ఉంటారు.

అది లీకేజీ కాదు. ఆ బండికి నాడి. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసినట్టు, జెట్ స్కీ నడిపేవాళ్లు ముందు ఆ ధార వైపే చూస్తారు. ధార గట్టిగా ఉంటే ఇంజిన్ లోపల నీళ్లు తిరుగుతున్నట్టు. సన్నబడితే ఎక్కడో ఏదో అడ్డం పడ్డట్టు. మెకానిక్‌లు దాన్ని టెల్‌టేల్ అంటారు. మా చిన్నోడు దానికి పెట్టిన ముద్దుపేరు మాత్రం ఇక్కడ రాయలేను.

పోయిన డిసెంబర్లో మా మామయ్య బండికి ఆ నాడి తప్పింది. దానివల్ల ఇంజిన్ ఒక్కటే వేడెక్కి ఉంటే ఈ కథ మీకు చెప్పేవాణ్ని కాదు.

మాది విశాఖపట్నం. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారంలో మూడు రోజులు మధురవాడ ఆఫీసు, రెండు రోజులు ఇంట్లోంచి పని. అమ్మ పుట్టిల్లు భీమిలి రోడ్డులో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తాతయ్య తెప్ప మీద వేటకెళ్లేవాడు. మామయ్య చాలా ఏళ్లు ఫైబర్ బోటు మీద వెళ్లాడు. తర్వాత వేట గిట్టుబాటు కాక, లోను తీసుకుని రెండు సెకండ్ హ్యాండ్ జెట్ స్కీలు కొన్నాడు. రుషికొండ బీచ్‌లో వాటర్ స్పోర్ట్స్ నడిపే ఒకాయన దగ్గర వాటిని పెట్టాడు. రెండూ ఒకే మోడల్, ఒకే రంగు. గుర్తు కోసం ఒకదానికి పసుపు రిబ్బన్, ఇంకోదానికి ఎర్ర రిబ్బన్ కట్టారు.

మాకు సముద్రం ఏడాది పొడవునా డబ్బులివ్వదు. వానాకాలంలో అలలు ఎక్కువ. అక్టోబర్, నవంబర్ వచ్చాయంటే తుపాన్ల భయం. అసలు సీజన్ డిసెంబర్ చివరి వారం నుంచి సంక్రాంతి దాకా. ఆ మూడు వారాలు బండి నడిస్తే ఏడాది లోనులో సగం తీరుతుంది. నడవకపోతే అత్తయ్య చేతి గాజులు బ్యాంకుకి వెళ్తాయి.

సరిగ్గా క్రిస్మస్‌కి వారం ముందు, ఎర్ర రిబ్బన్ బండి బీప్ కొట్టడం మొదలుపెట్టింది.

బీప్ కొట్టింది, నింద పడింది

జెట్ స్కీ ఇంజిన్ మరీ వేడెక్కితే డిస్‌ప్లే మీద హెచ్చరిక వస్తుంది, బజర్ మోగుతుంది, స్పీడ్ దానంతట అదే పడిపోతుంది. ఇంజిన్ తనని తాను కాపాడుకునే ఏర్పాటు అది. మన ఫోన్ ఎండలో కాలిపోతే కెమెరా ఆపేసినట్టు.

మొదటి రోజు ఒకసారి మోగింది. రెండో రోజు మూడుసార్లు. మూడో రోజు ఎర్ర రిబ్బన్ బండి ట్రాలీ ఎక్కి టౌన్‌లో మెకానిక్ దగ్గరికి వెళ్లింది. ఆయన హోస్ పెట్టి స్టార్ట్ చేసి చూశాడు. అక్కడ బీప్ రాలేదు. "లోడ్ మీదే వస్తోందంటే హెడ్ గాస్కెట్ పోయుంటుంది. లోపల ఉప్పు గడ్డకట్టేసి ఉంటుంది. ఇంజిన్ దించాలి" అన్నాడు. లక్షా ఎనభై వేలు. మూడు వారాలు.

మూడు వారాలంటే సీజన్ మొత్తం.

"ఉప్పు గడ్డకట్టేసింది" అన్న మాట మామయ్య చెవిలో పడగానే ఆయన కళ్లు ఒక్క మనిషినే వెతికాయి. చిన్నోడు. పల్లెలో కుర్రాడే, పందొమ్మిదేళ్లు. వాళ్లమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. సాయంత్రం అన్ని రైడ్లూ అయ్యాక రెండు బండ్లనీ మంచినీళ్లతో కడగడం, ఇంజిన్ లోపల కూడా నీళ్లు తిప్పి ఉప్పు వదిలించడం వాడి పని.

"ఈడు నీళ్లు పట్టకుండా ఎగ్గొట్టీసినాడు. నా ఇంజిన్ తినీసినాడు" అన్నాడు మామయ్య, నలుగురి ముందు.

"నేదు మావా. నాను రోజూ కడిగీసినాను."

"కడిగితే ఉప్పు ఎలా పట్టీసింది మరి? రేపట్నుంచి రావద్దు."

శుక్రవారం రాత్రి అమ్మ ఫోన్లో ఈ సంగతంతా చెప్పింది. చివర్లో, "వాళ్లమ్మ మనింటికొచ్చి ఏడ్చిందిరా. ఒకసారి వెళ్లి చూడు, నువ్వు ఇంజినీర్‌వి కదా" అంది. ఇంజినీర్ అంటే అన్నిటికీ ఇంజినీరే మా అమ్మకి. మిక్సీ ఆగినా నేనే, మోటార్ ఆగినా నేనే.

నాకు తెలిసింది కంప్యూటర్లు. కానీ రోజూ నేను చేసే పనిలో ఒక అలవాటు ఉంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, పొద్దున మీటింగ్‌లో మేం అడిగే మొదటి ప్రశ్న "ఎవరు పాడుచేశారు?" అని కాదు. "ఎక్కడ ఆగింది?" అని. మొదటి ప్రశ్న అడిగితే అందరూ నోరు మూసుకుంటారు. రెండోది అడిగితే తెలిసింది తెలిసినట్టు చెప్తారు. ఆ అలవాటునే జేబులో పెట్టుకుని శనివారం పొద్దున బీచ్‌కి వెళ్లాను. దారిలో చిన్నోణ్ని బండెక్కించుకున్నాను.

నీటి దారి ఇదీ

ముందు అసలు విషయం అర్థం చేసుకుందాం. ఇంజిన్‌లో కాలే పెట్రోల్ శక్తిలో సుమారుగా మూడో వంతే మనల్ని ముందుకు నడుపుతుంది. మిగతాదంతా వేడి. కొంత పొగతో బయటికి పోతుంది, కొంత ఇంజిన్ లోహంలోకి దిగుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు ఎవరో మోసుకెళ్లాలి. కారులో ఆ పని రేడియేటర్‌ది. జెట్ స్కీకి రేడియేటర్ ఎందుకు? చుట్టూ సముద్రమే ఉంది కదా.

జెట్ స్కీల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో కారులో లాగే కూలెంట్ లోపలే తిరుగుతుంది. బండి అడుగున ఉన్న అల్యూమినియం పలక ద్వారా తన వేడిని నీళ్లకి ఇచ్చేస్తుంది. సీ-డూ ఫోర్ స్ట్రోక్ బండ్లు ఇలా ఉంటాయి. రెండో రకంలో సముద్రపు నీళ్లే నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి, చల్లబరిచి, మళ్లీ సముద్రంలోకి వచ్చేస్తాయి. యమహా, కవాసకీ బండ్లది ఈ దారి. మామయ్యవి రెండో రకం.

ఈ రకంలో నీటి ప్రయాణం ఇలా సాగుతుంది. బండి అడుగున ఒక ఇనుప ఊచల తలుపు. దాంట్లోంచి నీళ్లు లోపలికి. అక్కడ ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం గిర్రున తిరుగుతూ ఆ నీళ్లని వెనక్కి విసురుతుంది, బండి ముందుకు దూకుతుంది. ఆ విసురులోంచి కొద్దిపాటి నీళ్లని పక్కకి లాగి, ఒక చిన్న జల్లెడలో వడకట్టి, హోస్ పైపులో ఇంజిన్‌కి పంపిస్తారు. అవి ఎగ్జాస్ట్ చుట్టూ, సిలిండర్ల చుట్టూ తిరిగి బయటికి వచ్చేస్తాయి. వాటిలో కొంచెం, మనం ముందు చెప్పుకున్న ఆ చిన్న రంధ్రంలోంచి చిమ్ముతుంది.

ఇక్కడ కీలకం ఒకటుంది. కూలింగ్ కోసం వేరే మోటార్ లేదు. బండిని తోసే పంపే నీళ్లూ పంపాలి. అందుకే ఇంజిన్ స్లోగా తిరిగితే నీటి ఒత్తిడి తక్కువ, గట్టిగా తిరిగితే ఎక్కువ.

ఈ నీళ్లే శత్రువు కూడా. లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వేడి లోహం మీద అది తడారితే తెల్లటి పెచ్చు కడుతుంది. గీజర్ రాడ్ మీద చూసే ఉంటారు. అందుకే సాయంత్రం మంచినీళ్లతో కడగాలి. మెకానిక్ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. జరిగే అవకాశం ఉన్నదే. ఈ బండిలో అదే జరిగిందా అన్నదే నా ప్రశ్న.

ఎవరూ అడగని మనిషి

బీచ్‌లో కూర్చుని ముందు చిన్నోణ్నే అడిగాను. ఆ బండితో ఎక్కువసేపు ఉండేది వాడే. అప్పటిదాకా వాణ్ని తిట్టినవాళ్లే తప్ప అడిగినవాళ్లు లేరు.

"బీప్ ఎప్పుడొస్తోంది?"

వాడు మామయ్య వైపు ఒకసారి చూసి మెల్లగా చెప్పాడు. "పొద్దున ఫస్ట్ రౌండ్‌లో రాదు బావూ. రెండు మూడు రౌండ్లు స్పీడ్‌గా కొట్టి, టూరిస్టుని దింపడానికి ఒడ్డుకి నెమ్మదిగా వస్తాం సూడు, అప్పుడొస్తాది."

"నీళ్ల ధార?"

"ముందు గట్టిగానే ఉండీది. ఈ మధ్య సన్నబడిపోనాది."

"ఎప్పట్నుంచి?"

వాడు వేళ్లు లెక్కపెట్టాడు. "మొన్న ఆదివారం నుంచి. శనివారం బానే ఉంది."

ఈ మూడు జవాబులూ నోట్‌బుక్‌లో రాశాను. ఉప్పు పెచ్చు ఒక్క రాత్రిలో కట్టదు. నెలలు పడుతుంది. కట్టినా ధార మెల్లమెల్లగా సన్నబడాలి. శనివారం బాగుండి ఆదివారం పడిపోయిందంటే ఏదో ఒక సంఘటన జరిగుండాలి. ఇక స్పీడ్‌గా వెళ్లినప్పుడు కాకుండా ఒడ్డుకి వస్తుంటే బీప్ ఎందుకు? స్పీడ్‌లో లోహం వేడిని దాచుకుంటోంది. అయినా పంపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి అడ్డం ఉన్నా ఎన్నో కొన్ని నీళ్లు దూరుతున్నాయి. స్లో చేయగానే ఆ ఒత్తిడీ పోతోంది, దాచుకున్న వేడి బయటపడుతోంది.

ఇదంతా ఊహే. ఊహని పరీక్షించకపోతే అదీ ఇంకో నిందే అవుతుంది.

దారికి మధ్యలో ఒక పరీక్ష

ప్రోగ్రామింగ్‌లో ఒక తేలిక ఉపాయం ఉంది. వెయ్యి లైన్లలో తప్పెక్కడో తెలియకపోతే, మొదటి లైన్ నుంచి చదవం. సరిగ్గా మధ్యలో ఆగి, ఇక్కడిదాకా బానే ఉందా అని చూస్తాం. ఉంటే మొదటి సగం అనుమానితులు ఇంటికెళ్లిపోవచ్చు.

జెట్ స్కీకి అలాంటి మధ్య స్థానం ఒకటి ఉంది. సాయంత్రం కడిగేటప్పుడు ట్యాప్ హోస్ తగిలించే చోటు. అది పంపుకీ ఇంజిన్‌కీ మధ్యలో ఉంటుంది. ట్యాప్ నీళ్లు పంపుని ముట్టుకోకుండా నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తాయి. అంటే హోస్ పెట్టినప్పుడు ధార బాగుంటే, ఇంజిన్ లోపలి దారులు శుభ్రం. దోషం పంపు వైపే.

"చిన్నోడా, నువ్వు సాయంత్రం ఎలా కడుగుతావో అలాగే చెయ్యి" అన్నాను. ఎలా చెయ్యాలో చెప్పలేదు.

వాడు హోస్ తగిలించాడు. ముందు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. వెంటనే ట్యాప్ తిప్పాడు. నాలుగైదు నిమిషాలయ్యాక ముందు ట్యాప్ కట్టేశాడు. తర్వాత ఒక్కసారి థ్రాటిల్ నొక్కి లోపల మిగిలిన నీళ్లు వదిలించి ఇంజిన్ ఆపాడు. ఈ వరస చాలా ముఖ్యం. ఇంజిన్ ఆగి ఉండగా ట్యాప్ తిప్పితే నీళ్లు ఎగ్జాస్ట్‌లోంచి వెనక్కి నడిచి సిలిండర్లలోకి చేరొచ్చు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే ఇంజిన్ లోపలి రాడ్లే వంగిపోతాయి. రోజూ చేసేవాడికే చేతులు ఆ వరసలో కదులుతాయి.

ధార చూశాం. గట్టిగా, చెయ్యి పెడితే తోసేసేంత గట్టిగా చిమ్ముతోంది.

ఇంకో రెండు అనుమానాలు తీర్చుకోవాలి. గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీలా మారుతుంది. డిప్‌స్టిక్ తీశాం. ఆయిల్ శుభ్రంగా ఉంది. ఆయిల్ ఒక్కటి చూసి గాస్కెట్‌కి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వలేం గానీ, అనుమానం తగ్గింది. రెండోది సెన్సర్. ఒక్కోసారి ఇంజిన్ చల్లగానే ఉన్నా సెన్సర్ అబద్ధం చెప్తుంది. ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. కనెక్టర్‌లో ఉప్పు తడి చేరితే అక్కడక్కడే కరెంట్ లీకై రెసిస్టెన్స్ తగ్గినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ దాన్ని వేడి అనుకుంటుంది. సెన్సర్ విప్పి, పక్క టీ బండి దగ్గర స్టీలు గ్లాసుతో వేడినీళ్లు అడిగి, అందులో ముంచి మల్టీమీటర్‌తో చూశాం. వేడికి తగ్గింది, చల్లారాక పెరిగింది. సెన్సర్ నిజాయితీపరుడే. కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా పట్టిన చిలుము గీకి మళ్లీ బిగించాం.

ఇక అసలు పరీక్ష. నీళ్లలో, రెండు బండ్లూ పక్కపక్కన. మా పనిలో దీన్ని ఎ-బి టెస్ట్ అంటాం. ఒకే మోడల్, ఒకే నీళ్లు, ఒకే సమయం. తేడా ఉన్నది ఒక్క జబ్బులోనే.

వేడి కొలవడానికి ఇంట్లో ఉన్న నుదుటి థర్మామీటర్ తెచ్చాను, కరోనా రోజుల్లో కొన్నది. అది మనిషి జ్వరం కోసం చేసింది. ఇంజిన్‌కి చూపిస్తే చేతులెత్తేసింది. చివరికి ఏసీ మెకానిక్ ఒకాయన దగ్గర అసలైన టెంపరేచర్ గన్ అప్పు తెచ్చాం. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తక్కువ చూపిస్తుంది. అందుకని రెండు ఇంజిన్ల మీదా ఒకే చోట నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాని మీద కొలిచాం.

ఛాతీ లోతు నీళ్లలో రెండింటినీ స్టార్ట్ చేశాం. పసుపు రిబ్బన్ బండి ధార సాగింది. టేప్ మీద 50 డిగ్రీల చుట్టుపక్కలే ఆగింది. ఎర్ర రిబ్బన్ బండి ధార, కారే ట్యాప్‌లా చుక్కలు చుక్కలు. 60. 65. 70 దాటి ఇంకా ఎక్కుతుంటే ఆపేశాం.

ట్యాప్ నీళ్లతో బాగుంది. సముద్రంలో బాగాలేదు. అంటే ఇంజిన్ లోపల దారి ఖాళీగానే ఉంది. నీళ్లు అక్కడిదాకా రావట్లేదు.

మామయ్య నడుము మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. "మామయ్యా, చిన్నోడు కడగకపోయుంటే ఉప్పు ఇంజిన్ లోపల పట్టాలి కదా. అప్పుడు ట్యాప్ పెట్టినా ధార సన్నగానే రావాలి. లోపల ఇంత శుభ్రంగా ఉందంటే..." అని ఆగాను. మిగతా వాక్యం ఆయనకి వదిలేశాను.

ఆయన ఏమీ అనలేదు. "పంపు ఇప్పండి" అన్నాడంతే.

పంపులో దొరికిన సాక్ష్యం

ఇంపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ ఆపి, తాడు కీ లాగేసి, బ్యాటరీ వైరు కూడా విప్పేశాం. ఇది మర్చిపోయి వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. బండిని ట్రాలీ మీదకి లాగి, ఫోన్ టార్చ్ వేసి అడుగు నుంచి చూశాను. ఊచల తలుపు శుభ్రంగానే ఉంది. దాని వెనక, ఇంపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ మీద మాత్రం ఆకుపచ్చగా ఏదో మెరిసింది.

పంపు విప్పాక పూర్తిగా కనిపించింది. నైలాన్ దారం. వల దారం. షాఫ్ట్ చుట్టూ బిగుసుకుపోయి, రాపిడి వేడికి కరిగి ప్లాస్టిక్ గాజులా అతుక్కుపోయింది. బ్లేడుతో కోసి తీయడానికి అరగంట పట్టింది. తెగిన పోగులు కొన్ని నీళ్లతో పాటు వెళ్లి కూలింగ్ దారిలో ఉన్న ఆ చిన్న జల్లెడకి అడ్డం పడ్డాయి. వాటి వెనక ఇసుక, చిన్న చిన్న గవ్వ ముక్కలు వచ్చి చేరాయి. జల్లెడ బొమ్మరిల్లు గోడలా మూసుకుపోయింది. షాఫ్ట్ మీద దారం వల్ల పంపు విసురూ తగ్గింది. అటు ఒత్తిడి తక్కువ, ఇటు అడ్డం. ఇంజిన్‌కి దాహం వేయక ఏం చేస్తుంది?

చిన్నోడు ఆ పోగుల్ని అరచేతిలో వేసుకుని మామయ్యకి చూపించాడు. మామయ్య ఒక పోగు తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు. జీవితంలో సగం వలల మధ్య గడిపిన మనిషి. దారం పట్టుకుంటే అది ఏ వలదో చెప్పగలడు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇసుకలో కూర్చున్నాడు.

"ఆ శనివారం సందేళ, మన పల్లె ఫైబర్ బోటొకటి ఇంజిన్ ఆగిపోయి అలల్లో పడి ఉండీది. వల సగం నీళ్లలోనే ఉంది. ఈ బండేసుకుని నానే ఎల్లినాను. తాడిసిరి ఒడ్డుకి లాక్కొచ్చినాను. అప్పుడు బండి ఒక్కసారి గుంజినట్టయ్యింది. అలేమో అనుకున్నాను."

మా చుట్టూ నిలబడ్డ నలుగురైదుగురు కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వే సంగతి కాదు కూడా. నలుగురు మనుషులున్న బోటుని ఒడ్డుకి చేర్చడం కోసం వెళ్లాడాయన. మంచి పని చేసి వచ్చిన బండి మర్నాటి నుంచి బీప్ కొట్టింది. ఆ రెండిటికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. తట్టకపోవడం నేరం కాదు. తట్టకముందే ఒక కుర్రాణ్ని వెళ్లగొట్టేయడం దగ్గరే అసలు దెబ్బ తగిలేది.

జల్లెడ కడిగి, పంపు మళ్లీ బిగించి, సాయంత్రం నీళ్లలో దింపాం. ధార పసుపు రిబ్బన్ బండితో సమానంగా వచ్చింది. మూడు రౌండ్లు స్పీడ్‌గా కొట్టి, నెమ్మదిగా ఒడ్డుకి తెచ్చి, టేప్ మీద కొలిచాం. 52. బీప్ లేదు. హెడ్ గాస్కెట్ మీద మిగిలిన అనుమానం కూడా అప్పుడే తీరింది.

గ్రీజు, సీలెంట్, రెండు క్లిప్పులు, కొత్త జల్లెడ కలిపి రెండు వేల లోపే అయ్యింది. టౌన్ మెకానిక్‌ని తప్పుపట్టడానికి కూడా నాకు మనసొప్పలేదు. ఆయన బండిని నీళ్లలో చూడలేదు. షెడ్‌లో హోస్ పెట్టి చూస్తే ఈ రోగం కనబడదు. రోగం ఉన్న చోట రోగిని చూడాలి.

మామయ్య చిన్నోడికి సారీ చెప్తాడేమో అని నేను చూస్తూనే ఉన్నాను. మా పల్లెల్లో యాభై దాటిన మనిషి పందొమ్మిదేళ్లవాడికి సారీ చెప్పడం ఇంకా రాలేదు. టీ వచ్చింది. మామయ్య తన చేతిలో ఉన్న మొదటి గ్లాసు వాడికి ఇచ్చాడు.

"రేపు ఆరున్నరకి వచ్చీ. ఆదివారం, జనం ఎక్కువుంటారు."

వాడు గ్లాసు రెండు చేతులతో పుచ్చుకున్నాడు. "ఆరింటికే వచ్చీస్తాను మావా."

ఆ రాత్రి వాళ్లమ్మ మా ఇంటికి ఎండు నెత్తళ్లు పంపింది.

మీరు ఎక్కినప్పుడు

సెలవులకి బీచ్‌కో డ్యామ్‌కో వెళ్లి జెట్ స్కీ ఎక్కేవాళ్లకి నాలుగు మాటలు. బండి బీప్ కొడితే గాభరా పడకండి, థ్రాటిల్ వదిలేయండి. వెనకున్న ఆపరేటర్‌కి చెప్పి ఇంజిన్ ఆపించండి. "ఇంకో రౌండ్ ఉంది కదా" అని లాగించమనకండి. లైఫ్ జాకెట్ ఉంటే తేలుతారు, ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తారు. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకూడదు, లోహం పగలొచ్చు. బండి వెనక నీళ్లు చిమ్మే నాజిల్ దగ్గర అసలు నిలబడకండి. అర్థంకాని బండి కింద చెయ్యి పెట్టకండి.

సొంత బండి ఉన్నవాళ్లకి ఇంకో రెండు. మోకాలి లోతు నీళ్లలో స్టార్ట్ చేస్తే పంపు ఇసుక తాగేస్తుంది. ఆ ఇసుక జల్లెడని మూయడమే కాదు, ఇంపెల్లర్ చుట్టూ ఉండే రింగ్‌ని కూడా అరగదీస్తుంది. బండి ఆగిపోయి ఇంకో బోటుతో లాగించాల్సి వస్తే నెమ్మదిగా లాగండి. మాన్యువల్ చెప్పిన చోట కూలింగ్ హోస్‌ని క్లిప్‌తో నొక్కి పెట్టండి. లేకపోతే ఆగిన ఇంజిన్‌లోకి నీళ్లు నెట్టుకొస్తాయి.

ఇప్పుడు మామయ్య దగ్గర నీళ్లలో ఒక వెదురు పాతారు. దానికి ఎర్రగుడ్డ. అది దాటాకే స్టార్ట్. వల దగ్గరికి వెళ్లొచ్చిన బండి, ఎంత మంచి పనికి వెళ్లినా సరే, ఒడ్డుకి రాగానే టార్చ్ వేసి అడుగు చూడాల్సిందే. ఈ రూల్ పెట్టింది మామయ్యే.

ఆ రోజు నేను రాసిన నోట్‌బుక్ చిన్నోడి దగ్గరే ఉండిపోయింది. వాడు దాంట్లో గళ్లు గీశాడు. తేదీ, బండి, ధార, బీప్, కడిగిన టైము. సంక్రాంతి దాకా ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ధార గడిలో వాడి భాష వాడిది. "గట్టి", "మద్దెరకం", "ఈక".

జూన్‌లో ఫోన్ చేశాడు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఏడాదేనట కదా, టెన్త్ పాసైతే చాలా అని అడిగాడు. చాలు అన్నాను. మామయ్యకి చెప్పావా అంటే చెప్పాడట.

"ఏమన్నాడు?"

"సదువుకో గానీ, డిసెంబర్లో సెలవు పెట్టాల మరి అన్నాడు బావూ."